సాలీళ్ల వెరైటీకి ఏది మేలు: అడవి అంచా, ముదురు అడవా, తోటా?

అడవి అంచున నిలబడితే సాలీళ్లు బోలెడు కనిపిస్తాయి, ఎండ పడుతుంది, ఎగిరే పురుగులు ఎక్కువ, ఇంక పెద్ద పెద్ద గుండ్రటి గూళ్లు అల్లేవి అక్కడ చేరకుండా ఎందుకుంటాయి! మడగాస్కర్‌లో డార్విన్స్ బార్క్ స్పైడరైతే ఏకంగా ఏటికి ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి దారం లాగేస్తుంది, 25 మీటర్ల దాకా. అందుకే చాలామంది ఓటు అంచుకే.

నేను ఒప్పుకోను. అది కంటికి ఆనేవాటి లెక్క మాత్రమే. ముదురు అడవిలో, అంటే ఏళ్ల తరబడి ఎవరూ కొట్టని అడవిలో, కింద రాలి కుళ్లుతున్న ఆకుల్ని జల్లెడ పట్టి తెల్లగుడ్డ మీద దులపండి, ముందు మట్టి, పుల్లలు తప్ప ఏం కనపడవు, కాసేపు కళ్లార్పకుండా చూస్తే రెండు మిల్లీమీటర్లు కూడా లేని నారింజ చుక్క ఒకటి గబగబా పరిగెడుతుంది, అదే గాబ్లిన్ స్పైడర్. ఇలాంటి బుల్లివి ఎన్నో రకాలు, ఇంకా పేరు పెట్టనివే బోలెడు. చెట్లు కొట్టేసి ఆ తేమ ఆరిపోయిందంటే వీటి పని అయిపోయినట్టే, అంచున గూడు అల్లే సాలీడు మాత్రం ఇంకో పొద చూసుకుంటుంది.

పైన కొమ్మల్లో ఉండేవి వేరే గుంపు, దూకే సాలీళ్లు అక్కడ దండిగా ఉంటాయి, కాకపోతే అంత ఎత్తున చూడాలంటే పురుగుమందు పొగ పెట్టి కింద షీట్లు పరచాల్సిందే.

ఎండు అడవుల్ని కూడా మరీ తీసిపారేయకండి. బఘీరా కిప్లింగీ అని మెక్సికో, మధ్య అమెరికా వైపు తుమ్మజాతి చెట్ల మీద ఉండే దూకే సాలీడు, ఎక్కువగా ఆ చెట్టు ఆకుల కొసల్లో వచ్చే మెత్తటి బుడిపెలే తింటుంది, సాలీడు శాకాహారం ఏంటి అని 2009లో అందరూ నోరెళ్లబెట్టారు.

రబ్బరు, ఆయిల్ పామ్ తోటలంటారా, సాలీళ్లు ఉంటాయి, ఉన్న కొద్ది రకాలే మళ్లీ మళ్లీ తగులుతాయి. నీడ చెట్ల కింద పెంచే కాఫీ తోట కొంత నయం, అక్కడ కనీసం ఆకుల పొరన్నా మిగులుతుంది. ఒక్కదాన్నే కాపాడమంటే నేను ముదురు అడవినే అంటా, అంచుల్లో ఎన్ని గూళ్లు కనపడినా సరే, ఎందుకంటే అంచులు మనం అడవి కొట్టేకొద్దీ పెరుగుతూనే ఉంటాయి కదా.