కటాడిన్ నైఫ్ ఎడ్జ్: భయపెట్టింది ఒకటి, ఏడిపించింది ఇంకొకటి

అమెరికాలో మెయిన్ రాష్ట్రంలోని కటాడిన్ ఎక్కాలని మూడేళ్ళుగా అనుకుంటున్నాం. అపలాచియన్ ట్రెయిల్ అనే పొడవాటి కాలిబాట ఉత్తరాన ముగిసేది ఈ కొండ మీదే. కానీ మా ధ్యాసంతా నైఫ్ ఎడ్జ్ మీద ఉంది. పమోలా శిఖరం నుంచి, ఈ కొండ మీద అన్నిటికన్నా ఎత్తైన బాక్స్‌టర్ శిఖరం దాకా 1.1 మైళ్ళ కొండ వెన్ను. కొన్ని చోట్ల మూడడుగుల వెడల్పే ఉంటుంది, అటూ ఇటూ లోయ. నేనూ, మా బావమరిదీ సెప్టెంబర్ మొదటి వారంలో వెళ్ళాం.

కొండ కన్నా ముందు పార్కింగ్ ఎక్కాలి. ఈ కొండ ఉన్న బాక్స్‌టర్ స్టేట్ పార్క్‌లో ఒక్కో ట్రెయిల్ దగ్గర కొన్ని కార్లకే చోటు. మెయిన్‌లో ఉండేవాళ్ళు సీజన్ మొత్తానికి ముందే బుక్ చేసుకోవచ్చు, బయటివాళ్ళకి రెండు వారాల ముందే తెరుస్తారు. మాకు శనివారం దొరకలేదు, మంగళవారం దొరికింది. అదే నయమైంది, కొండ మీద జనం తక్కువ. పొద్దున 7 దాటాక గేటు దగ్గరికి వెళితే ఆ రిజర్వేషన్ పోయినట్టే.

రాత్రి పార్క్ దగ్గరి ఊరు మిల్లినాకెట్‌లో ఒక మోటెల్‌లో దిగాం. గది శుభ్రంగానే ఉంది. కానీ బ్రేక్‌ఫాస్ట్ 7కి మొదలు, మేము బయల్దేరాల్సింది 5 లోపే. గోడ పక్కన ఐస్ మెషిన్ రాత్రంతా గడగడమంటూనే ఉంది. డబ్బు మిగిలేది, నిద్రా పట్టేది పార్క్‌లోనే ఉన్న రోరింగ్ బ్రూక్ క్యాంప్‌గ్రౌండ్‌లో లీన్‌టూ దొరికితే: మూడు గోడలు, పైకప్పు, అంతే. పార్క్‌లో కరెంటు లేదు, కుళాయి నీళ్ళు లేవు, ఫోన్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోకూడదు. కుక్కల్ని రానివ్వరు. ఆరేళ్ళ లోపు పిల్లల్ని చెట్లు ఆగిపోయే ఎత్తు దాటనివ్వరు. కొందరికి ఇవన్నీ చాదస్తంగా అనిపిస్తాయి. పర్సివల్ బాక్స్‌టర్ అనే మాజీ గవర్నర్ సొంత డబ్బుతో ఈ భూమి కొని 1931 నుంచి విడతలుగా రాష్ట్రానికిచ్చాడు, అడవి అడవిలాగే ఉండాలన్నది ఆయన షరతు. నాకైతే ఆ చాదస్తమే నచ్చింది.

రోరింగ్ బ్రూక్‌లో కారు ఆపి, రేంజర్ స్టేషన్ బోర్డు మీద ఆ రోజు వాతావరణం చూసి, రిజిస్టర్‌లో పేర్లు రాసి, 6:40కి హెలన్ టేలర్ ట్రెయిల్ పట్టాం. పమోలాకి 3.2 మైళ్ళు, మూడు వేల అడుగులకి పైగా ఎక్కుడు. మొదటి గంట తర్వాత చెట్లు పొట్టివై, ఎండా గాలీ నేరుగా తగులుతాయి. దారిలో నీళ్ళ మీద ఆధారపడలేం కాబట్టి చెరో మూడు లీటర్లు మోసుకెళ్ళాం. పమోలా అంటే పెనాబ్‌స్కాట్ తెగవాళ్ళ కథల్లో ఈ కొండని కాపలా కాసే శక్తి, మూస్ అనే పెద్ద దుప్పి తల, గద్ద రెక్కలు. ఆ రోజు గాలి చూస్తే ఆయన మంచి మూడ్‌లోనే ఉన్నట్టున్నాడు.

అసలు పరీక్ష పమోలా దాటిన వెంటనే. చిమ్నీ నాచ్ అనే చీలికలోకి దిగి, అవతలి బండ ఎక్కాలి. ట్రెకింగ్ పోల్స్ మడిచి బ్యాగులో పెట్టేశాం. బండ వైపు తిరిగి, చేతుల మీద వేలాడుతూ కాలితో తడుముకుంటే కింద మెట్టు అందదు. "బావా, ఎడమ కాలు ఇంకో జానెడు కిందికి... అదిగో, అక్కడే" అని మావాడు కింది నుంచి చెబుతుంటే బూటు అంచు ఒక చిన్న గట్టు మీద ఆనింది. ఆ జానెడు దిగడానికి నిమిషం పట్టినట్టుంది.

ఆ తర్వాత అంత భయం లేదు. బండల మీద దారి చూపే నీలం రంగు గుర్తులు చూసుకుంటూ, అవసరమైనచోట కూర్చుని జరుగుతూ పోవడమే. కానీ మధ్యలో దిగిపోవడానికి పక్కదారి ఒక్కటీ లేదు. ఉరుము వినిపించినా, బండలు తడిగా ఉన్నా పమోలా నుంచే వెనక్కి తిరగాలి. ఫొటోల కోసం ఇంత దూరం వచ్చాం కదా అని మొండికేసే చోటు కాదిది.

బాక్స్‌టర్ శిఖరం 5,267 అడుగులు. మైలుకి 13 అడుగులు తక్కువని అక్కడ రాళ్ళ గుట్ట పేర్చారంటారు. దాని చాటున కూర్చుని పులిహోర తిన్నాం. నిమ్మకాయ పులిహోర ఇంత రుచిగా నేను కింద ఎప్పుడూ తినలేదు.

ఇక దిగడం. ఎవరూ దీని గురించి చెప్పరు, అందరూ నైఫ్ ఎడ్జ్ గురించే మాట్లాడతారు. శిఖరం నుంచి చిమ్నీ పాండ్ అనే చెరువుకి శాడిల్ ట్రెయిల్‌లో 2.2 మైళ్ళు, పై భాగంలో కాలి కింద రాళ్ళు జారుతూనే ఉంటాయి. కథీడ్రల్ ట్రెయిల్ దగ్గరి దారే, కానీ దాన్ని దిగడానికి కాక ఎక్కడానికే వాడాలి. చిమ్నీ పాండ్ ఒడ్డున, పొద్దున మేము నడిచిన రంపపు పళ్ళ గోడంతా తల మీద కనబడుతుంటే కాసేపు ఊరికే కూర్చున్నాం. అక్కడి నుంచి కారుకి ఇంకా మూడు మైళ్ళకి పైనే, అన్నీ తల కాయంత రాళ్ళు. నా మోకాళ్ళు ఏడ్చింది ఇక్కడే. మావాడు "ఇంకెంత బావా" అని అడగడం కూడా మానేశాడు.

4:50కి రోరింగ్ బ్రూక్ చేరాం. రిజిస్టర్‌లో తిరిగొచ్చిన టైం రాయాలి. గరుకు గ్రానైట్ పట్టుకుని పట్టుకుని వేలి కొసలు చెక్కుకుపోయాయి, పెన్ను తగిలితేనే మంట. మావాడి వేళ్ళూ అంతే. ఇద్దరి టైమూ నేనే రాశాను, అంకెలు వంకర్లు పోయాయి.