నల్ల గాఫర్ టేపు: రెండేళ్లు, ఏడు నాటకాలు వాడాక

వెడల్పు 48 మిల్లీమీటర్లు, పొడవు 50 మీటర్లు, గుడ్డ మీద మెరుపు లేని నల్ల పూత. నేను రాస్తున్నది ఈ ఒక్క టేపు చుట్ట గురించే. పెద్ద నగరానికి వచ్చి నాటకాల్లో తెరవెనక పనికి చేరినవాళ్లు సొంత డబ్బుతో మొదట ఏం కొనాలని అడుగుతుంటారు. హెడ్‌ల్యాంపా, మల్టీటూలా, మంచి బూట్లా అని. అన్నీ కావాలి. కానీ ముందు ఇది కొనండి అంటాను. ఎందుకంటే ఇది కాని టేపు కొని నేను చాలా ఇబ్బంది పడ్డాను.

నేను అసిస్టెంట్ స్టేజ్ మేనేజర్‌ని. చేరిన మొదటి రోజు మా స్టేజ్ మేనేజర్ అక్క నన్ను అడిగిన మొదటి మాట "నీ టేపేదమ్మా?" అని. నోట్‌బుక్కు, పెన్సిళ్లు, చిన్న టార్చి తెచ్చుకున్నాను. టేపు వాళ్లే ఇస్తారనుకున్నాను. బృందం దగ్గర ఉంటుంది, నిజమే. కానీ నగరంలో మనం ఒక్క బృందానికే కట్టుబడి ఉండం. ఈ నెల ఒక చోట, వచ్చే నెల ఇంకో చోట. పొద్దున ఒక రిహార్సల్ గది, సాయంత్రం ఇంకో హాలు. వెళ్లిన ప్రతిచోటా టేపు ఎక్కడుందో వెతుక్కుంటూ కూర్చుంటే పని జరగదు. ఆ సాయంత్రమే వెళ్లి ఒక చుట్ట కొన్నాను. అదీ నలుపే, అదీ గుడ్డ టేపే, వెడల్పూ అంతే. ఖరీదు బాగా తక్కువ. తేడా ఏముంటుందిలే అనుకున్నాను.

లైట్లు వేసి చేసిన మొదటి రిహార్సల్లో తేడా కనిపించింది. వింగ్స్‌లో, అంటే స్టేజీకి రెండు పక్కలా ఉండే చాటు చోట్లలో, మోకాలి ఎత్తున పక్కలైట్లు పెట్టారు. అవి వెలగగానే నేలమీద నేను వేసిన టేపంతా తళతళలాడింది. ప్రేక్షకుల సీట్లలోంచి డైరెక్టర్ గారు "అక్కడ నీళ్లు ఒలికాయా, ఎవరైనా తుడవండి" అన్నారు. రిహార్సల్ ఆపి అంతా తీసి, అక్క చుట్టతో మళ్లీ వేశాం. స్టేజీ ముందు భాగం వరకే. వెనక వింగ్స్‌లో కేబుళ్ల మీద మాత్రం పాతదే ఉంచేశాం, అక్కడ ఎవరికీ కనబడదని.

మూడో ప్రదర్శన నాటికి ఆ టేపు అంచులు పైకి లేచాయి. రంగం మారేటప్పుడు చీకట్లో పరుగున వస్తున్న నటి మడమ దానికి తగిలింది. ఆమె చెయ్యి వింగ్ చట్రానికి అందింది కాబట్టి పడలేదు. నేను మూడడుగుల దూరంలో ఉన్నాను, చూస్తూనే ఉన్నాను, ఏమీ చెయ్యలేకపోయాను. ఆ శబ్దం నాకింకా గుర్తుంది. చివరి ప్రదర్శన అయ్యాక సెట్ విప్పుతుంటే టేపు ఊడి వచ్చింది గానీ జిగురు కేబుళ్లకే ఉండిపోయింది. చేతికంటుతూ, దుమ్ము పట్టేస్తూ. గుడ్డపీలికలతో ఆ కేబుళ్లు ఒక్కొక్కటీ తుడిచేసరికి రాత్రి రెండయింది. నాతోపాటు లైట్ల కుర్రాళ్లిద్దరూ కూర్చున్నారు. వాళ్లకి నేనిప్పటికీ రుణపడి ఉన్నాను.

ఆ టేపు చెడ్డదని కాదు, అది వేరే పనికి పుట్టిన టేపు. నేను కొన్నది డక్ట్ టేపు. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో తూటాల పెట్టెలు అతికించడానికి వచ్చిన జాతి. 1943లో వెస్టా స్టౌట్ అనే ఆవిడ, ఆయుధ కర్మాగారంలో పనిచేసే తల్లి, ఇద్దరు కొడుకులు నౌకాదళంలో ఉన్నావిడ, ఆ పెట్టెల కాగితపు పట్టీలు చిరిగిపోయి సైనికులు తెరవలేక అవస్థపడతారని, నీళ్లు పీల్చని గుడ్డ టేపు వాడమని అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌కే ఉత్తరం రాశారు. ఆ టేపు పని గట్టిగా పట్టుకోవడం, తడి లోపలికి రానివ్వకపోవడం. శుభ్రంగా ఊడి రావాలని దాన్నెవరూ అడగలేదు. గాఫర్ టేపు 1959లో రాస్ లోవెల్ చేతిలో రూపుకట్టింది. ఆయన కెమెరా, లైటింగ్ మనిషి. రోజూ లైట్లు కట్టి రోజూ విప్పేవాడికి ఏం కావాలో ఆయనకి తెలుసు. సినిమా సెట్లో లైట్ల పెద్దని గాఫర్ అంటారు, టేపుకి ఆ పేరే వచ్చింది. గట్టిగా పట్టుకోవాలి, పని అయ్యాక మారాం చెయ్యకుండా వదలాలి, వెలుగు పడితే మెరవకూడదు, కత్తెర లేకుండా చేత్తో చిరగాలి. నాటకానికీ సరిగ్గా ఇవే కావాలి.

ఈ టేపు విలువ నాకు బాగా అర్థమైంది రిహార్సల్ గదిలో, నేలమీద సెట్ గీసేటప్పుడు. నగరంలో అసలు స్టేజీ మన చేతికి దొరికేది చివరి కొద్ది రోజులే. అంతకుముందు వారాల తరబడి ఏదో ఖాళీ గదిలో సాధన చేయాలి. గోడలుండవు, తలుపులుండవు, మెట్లుండవు. అన్నీ టేపు గీతలే. నటులు ఆ గీతల్నే గోడలనుకుని తిరగడం నేర్చుకుంటారు. గీత ఒక జానెడు తప్పితే, అసలు సెట్ వచ్చిన రోజు తలుపు దాకా వెళ్లడానికి ఒక అడుగు ఎక్కువ పడుతుంది, డైలాగు ముందే అయిపోతుంది.

పద్ధతి ఇది. సెట్ డిజైనర్ ఇచ్చే గ్రౌండ్ ప్లాన్, అంటే సెట్‌ని పైనుంచి చూసినట్టు గీసిన పటం, 1:25 కొలతలో ఉంటే కాగితం మీద నాలుగు సెంటీమీటర్లు నేలమీద ఒక మీటరు. ముందు గదికి మధ్యగీత, దానికి అడ్డంగా సెట్ మొదలయ్యే గీత వేస్తాం. ఆ అడ్డగీత రెండు చివర్లా రెండు గుర్తులు. ఇక ప్లాన్‌లో ప్రతి మూలకీ ఆ రెండు గుర్తుల నుంచీ దూరం కొలిచి రాసుకుంటాం. తర్వాత రెండు కొలత టేపులు, ముగ్గురు మనుషులు. ఇద్దరు గుర్తుల దగ్గర కూర్చుంటారు, మూడోవాళ్లు రెండు టేపుల కొసలూ పట్టుకుని నడుస్తారు. ఉదాహరణకి ఒక టేపు 3.40 మీటర్లు, ఇంకొకటి 5.15 మీటర్ల దగ్గర కలిసిన చోట ఒక చిన్న ముక్క అంటిస్తారు. అదే గది మూల. అన్ని మూలలూ దొరికాక వాటిని కలుపుతూ గీతలు. తలుపున్న చోట ఖాళీ వదలాలి. మెట్లకి ఒక్కొక్క మెట్టుకూ ఒక్కొక్క అడ్డగీత.

మంచి గాఫర్ టేపు అడ్డంగానే కాదు, నిలువునా నేత వెంట తిన్నగా చిరుగుతుంది. అంటే 48 మిల్లీమీటర్ల పట్టీని చేత్తోనే రెండుగా, నాలుగుగా చీల్చి సన్న గీతలు వేసుకోవచ్చు. నా మొదటి చుట్ట నిలువునా చీల్చబోతే ఎప్పుడూ వంకరపోయేది. రెండు గదులూ ఒక వరండా ఉన్న సెట్‌కి ఇలా చీల్చి వేస్తే నాకు ఒక చుట్ట సరిపోయింది, కొంచెం మిగిలింది కూడా. అయిదు వారాలు జనం దాని మీద తొక్కారు, దొర్లారు, కుర్చీలు ఈడ్చారు. చివరి రోజు లాగితే గీత గీతగా వచ్చేసింది. కిటికీ పక్కన ఎండ పడే మూలలో మాత్రం కాస్త జిగురు మిగిలింది. ఎండ దీనికి శత్రువు, ఇది మార్కులు తగ్గించాల్సిన విషయమే.

కుర్చీలు, బల్లలు పెట్టే చోట్లకి వేసే గుర్తుల్ని మేం స్పైకులంటాం. వీటికి 12 మిల్లీమీటర్ల రంగు టేపు విడిగా దొరుకుతుంది, రంగానికో రంగు. కొత్తవాళ్లకి ఒక్క మాట చెప్పాలి. బల్లకి నాలుగు కాళ్ల దగ్గరా గుర్తులు పెట్టకండి. ప్రేక్షకులకి దూరంగా ఉండే వెనక రెండు కాళ్లకి చాలు. అప్పుడు ఆ గుర్తులు బల్ల చాటున ఉంటాయి, సీట్లలోంచి కనబడవు. నేను మొదట నాలుగూ పెట్టాను, అక్క ముందు రెండూ పీకి నా చేతిలో పెట్టింది. ఏమీ అనలేదు.

ఇంకో వాడకం ఉంది, దాని గురించి ఎవరూ పెద్దగా చెప్పరు. సామాన్ల బల్ల. వింగ్స్‌లో ఒక బల్లమీద కాగితం పరిచి, టేపుతో గళ్లు గీసి, ఒక్కో గడిలో ఒక్కో వస్తువు: ఉత్తరం, కళ్లజోడు, తాళంచెవి. గడిలో తెల్ల గాఫర్ ముక్క మీద మార్కర్‌తో పేరు. పూత గరుకుగా ఉంటుంది కాబట్టి రాత చెదరదు. నాటకం మొదలయ్యేముందు బల్లవైపు ఒక్కసారి చూస్తే చాలు. ఏ గడి ఖాళీగా ఉందో ఆ వస్తువు రాలేదన్నమాట. ఒక రాత్రి తాళంచెవి గడి ఖాళీగా కనిపించింది. ముందురోజు నటుడి కోటు జేబులోనే ఉండిపోయిందది. తెర లేవడానికి ఏడు నిమిషాలుందనగా తెచ్చి పెట్టాను. ఈ ఉద్యోగం నేను చేయగలను అని నాకు నమ్మకం కుదిరింది ఆ రాత్రే.

కేబుళ్ల విషయానికొస్తే, ముందు మీటరుకొకటి చొప్పున అడ్డపట్టీలు వేసి తిన్నగా నిలబెట్టి, జనం నడిచే చోట మాత్రం పొడవునా మూస్తాను. తీసేటప్పుడు టేపుని నిలువుగా పైకి లాగకూడదు. దాని మీదికే మడిచి, నేలకి ఆనించినట్టు, నిదానంగా వెనక్కి లాగాలి. అప్పుడు నేల రంగు లేవదు. టేపు తీసేశాకే కేబుల్ చుట్టాలి. టేపుతో సహా చుట్టేస్తే రేపు విప్పేవాళ్ల పని రెట్టింపు.

ఇక ఇది చెయ్యలేని పనులు. పాత రకం బల్బు లైట్ల ఒంటికి దీన్ని అంటించకండి. వేడికి జిగురు కరిగి కారుతుంది. అక్కడికి నల్లటి అల్యూమినియం రేకు వేరే ఉంటుంది. నాట్యానికి పరిచే వినైల్ నేలకి ఇది పనికిరాదు, దానికి వినైల్ టేపే వాడాలి. కొత్తగా రంగు వేసిన చెక్క మీద ముందు ఒక మూల చిన్న ముక్క అంటించి తీసి చూడండి. అన్నిటికంటే ముఖ్యం, తలపైన వేలాడే దేన్నీ టేపుని నమ్మి వదలకండి. ఎంత తేలికదైనా సరే. పైన ఉన్నదానికి ఉక్కు తీగ భద్రత ఉండాల్సిందే. "టేపేశాను కదా" అని ఎవరైనా అంటే, ఆ మనిషి మీకంటే పెద్దవాళ్లయినా సరే, పని ఆపించి అడగండి. కొత్తవాళ్లకి ఇది కష్టం, నాకు తెలుసు. అయినా అడగండి.

చీకట్లో మెట్ల అంచుల గురించీ అడుగుతారు. దానికి నల్ల టేపు చాలదు, వెలుగు టేపు కావాలి. ఇప్పుడు దొరికే మంచి రకాల్లో స్ట్రాన్షియం అల్యూమినేట్ ఉంటుంది. వెలుగు పీల్చుకుని చీకట్లో మెల్లగా వదులుతుంది. పీల్చుకోకపోతే వదలడానికేమీ ఉండదు. అందుకే తలుపులు తెరిచేముందు ప్రతి ముక్క మీదా టార్చి పెట్టి వెళ్తాను. గోరంత ముక్క చాలు, ప్రేక్షకులకి కనబడని వైపు.

కొనేటప్పుడు చుట్ట మీది రాతల్ని నమ్మకండి. ఫోన్ లైటు వేసి ఏటవాలుగా చూడండి, మెరిస్తే అక్కడే పెట్టేయండి. వాళ్లు ఒప్పుకుంటే ఒక చిన్న ముక్క చించండి. దారాలు వేలాడకుండా తిన్నగా రావాలి. నిలువునా చీల్చి చూడండి. తెచ్చాక ఎండ తగలని చోట, అట్టపెట్టెలో, పడుకోబెట్టి ఉంచండి. ఏళ్ల తరబడి దాచుకునే వస్తువు కాదిది. పాతబడితే మంచిదే చెడ్డదానిలా జిగురు వదులుతుంది. అందుకని నేను ఒకేసారి రెండు చుట్టలకి మించి కొనను.

ఖరీదు ఎక్కువే. మొదటి నెలల జీతంలో అది తెలుస్తుంది. రెండేళ్లుగా అదే కొంటున్నాను. అయిదుకి నాలుగున్నర ఇస్తాను. ఆ అర తగ్గించింది ఎండలో మిగిల్చిన జిగురుకి.

చివర్లో అక్క దగ్గర నేర్చుకున్న ఒక అలవాటు రాసి ఆపుతాను. ఏ ముక్క అంటించినా దాని కొసని ఒక సెంటీమీటరు లోపలికి మడిచి వదులుతుంది. "రాత్రి ఒంటిగంటకి దీన్ని తీసేవాళ్లు గోళ్లతో గీక్కోకూడదు తల్లీ" అంది మొదటిసారి చూపించినప్పుడు. పోయిన వారం నాకు పరిచయం లేని ఒక బృందం ఖాళీ చేసి వెళ్లిన హాల్లో మేం సెట్ వేస్తుంటే, నేలమీద వాళ్లు మరిచిపోయిన ఒక నల్ల ముక్క కనిపించింది. కొస మడిచి ఉంది. పట్టుకుని లాగాను, వచ్చేసింది.