బత్తాయి తోటలో మినీ ట్రాక్టర్: కొన్నేళ్ల వాడకం తర్వాత కొత్త యజమానులకు నా సమీక్ష

నల్లగొండ జిల్లాలో మాకు బత్తాయి తోట, దాన్ని ఆనుకొని పత్తి వేసే చెలక ఉన్నాయి. ఈ రెండింటి పని కోసం తీసుకున్న 24 హార్స్‌పవర్ మినీ ట్రాక్టర్‌ను ఆరేడేళ్లుగా నేనే నడుపుతున్నాను, సర్వీసు దగ్గర కూడా నేనే నిలబడుతున్నాను. మూడు సిలిండర్ల ఇంజను, నాలుగు చక్రాల డ్రైవ్, టన్నుకు లోపు బరువు దీని లక్షణాలు. కంపెనీ పేరు ఇక్కడ ప్రస్తావించడం లేదు. మహీంద్రా జీవో, కుబోటా నియోస్టార్, వీఎస్టీ శక్తి వంటి వాటిలో ఏది కొన్నా, ఈ బరువూ ఈ శక్తీ ఉన్న బండ్ల స్వభావం దాదాపు ఒకటే కాబట్టి, నేను చెప్పబోయేది వాటన్నిటికీ పనికివస్తుంది.

ముందుగా పనితనం గురించి చెప్తాను. తోటకు ఇంతకన్నా తగిన యంత్రాన్ని నేను చూడలేదు. మా చెట్లు 20 అడుగుల సాళ్లలో ఉన్నాయి, ఏడో ఏడు దాటాక కొమ్మలు రెండు వైపుల నుంచీ కమ్ముకొచ్చి మధ్యలో పెద్ద ట్రాక్టర్ పట్టే చోటే మిగలలేదు. ఈ బండి కొమ్మలను తాకకుండా పాదు అంచు దాకా వెళ్లి, నిలిచిన చోటే తిరిగినట్లుగా వెనక్కి మళ్లుతుంది. బత్తాయికి మేత తెచ్చే సన్నని వేళ్లు పైనున్న అడుగు, అడుగున్నర మట్టిలోనే ఉంటాయి కాబట్టి లోతుగా దున్నితే చెట్టుకు మేలు కన్నా కీడే ఎక్కువ. మూడు నాలుగు అంగుళాల లోతున రోటావేటర్ (తిరిగే బ్లేళ్లతో మట్టిని గుల్ల చేసే పరికరం) తిప్పి గడ్డిని మట్టిలో కలిపితే చాలు, ఆ పనికి ఈ శక్తి సరిగ్గా సరిపోతుంది. బండి తేలిక కావడం వల్ల నేల కూడా గట్టిపడదు. పత్తిలో అంతరకృషికి గుంటక తోలడం, పిచికారీ పంపు నడపడం వంటి పనుల్లోనూ నాకు లోటు కనిపించలేదు.

అయితే ఆ తేలికతనమే ఈ బండి బలహీనత కూడా. కొన్న కొత్తలో చాలామంది దీనికి పెద్ద ట్రాలీ తగిలించి పత్తి బస్తాలో ఇసుకో వేసి రోడ్డెక్కుతారు, సమతలంలో లాగుతుంది కాబట్టి పని అయిపోయిందనుకుంటారు. లాగడం వేరు, ఆపడం వేరు. ఎనిమిది వందల కిలోల బండి వెనక మూడు టన్నుల బరువు ఉన్నప్పుడు, దిగుడులో బ్రేకు తొక్కితే ట్రాలీయే బండిని ముందుకు నెట్టుతుంది, మలుపులో అయితే అడ్డంగా మడతపెట్టేస్తుంది. ఎక్కిన గేరులోనే దిగాలి, దిగేటప్పుడు క్లచ్ తొక్కకూడదు, న్యూట్రల్‌లో వదలడం అసలే కూడదు. పొలంలో ఇరుకు మలుపుల కోసం విడదీసి వాడే కుడి ఎడమ బ్రేకు పెడళ్లను రోడ్డు ఎక్కే ముందు కొక్కెంతో కలపడం మరచిపోతే, ఒక్క పెడల్ మీద కాలు పడి బండి ఆ వైపుకే గిర్రున తిరుగుతుంది. నల్లరేగడిలో లోతు దుక్కులు, కిరాయి ట్రాలీ పనులు మీ ఉద్దేశమైతే ఈ తరగతి బండి కొనవద్దని నా స్పష్టమైన అభిప్రాయం.

కొత్త యజమాని అన్నిటికన్నా ముందు అర్థం చేసుకోవలసింది బండి వెనక్కి తిరగబడే తీరు. చక్రాలు బురదలో కూరుకుపోయి తిరగలేని స్థితిలో ఉన్నప్పుడు ఇంజను బలానికి ఎక్కడో ఒక చోట దారి కావాలి. చక్రం తిరగకపోతే వెనక ఇరుసు చుట్టూ బండి ముక్కు పైకి లేస్తుంది. ఒకసారి లేవడం మొదలైతే పూర్తిగా తలకిందులు కావడానికి రెండు సెకన్లు కూడా పట్టదు, అంతలో క్లచ్ మీదికి కాలు వెళ్లదు. చక్రాల ముందు రాళ్లు, మొద్దులు వేసి ముందుకు లాగాలని చూడటం, గొలుసును డ్రాబార్‌కు (బండి వెనక కిందుగా ఉండే లాగుడు పట్టీకి) కాకుండా ఇరుసుకో, పరికరం పై కొసను పట్టే టాప్ లింకు చోటులోనో తగిలించి చెట్టు మొద్దును పెకలించబోవడం ఈ ప్రమాదాన్ని చేజేతులా పిలవడమే. దిగబడితే వెనక్కి రావాలి, అది కుదరకపోతే మరొక బండితో లాగించుకోవాలి. రెండు వందల కిలోలకు పైగా బరువుండే రోటావేటర్‌ను ఎత్తి గట్టు ఎక్కేటప్పుడు స్టీరింగ్ చేతిలో తేలిపోతున్నట్లు అనిపిస్తుంది. ముందు చక్రాల మీద బరువు తగ్గిందనడానికి గుర్తు అదే. అందుకే నేను ముందు బంపర్‌కు ఇనుప దిమ్మెలు బిగించి ఉంచుతాను, ఎత్తైన గట్టును వీలైతే వెనక చక్రాలతో, అంటే రివర్సులో ఎక్కిస్తాను.

రెండవది పీటీవో షాఫ్టు, అంటే ఇంజను బలాన్ని వెనకున్న పరికరానికి అందిస్తూ తిరిగే కడ్డీ. నిమిషానికి 540 చుట్లంటే సెకనుకు తొమ్మిది. అరచేతిలో పట్టేంత లావున్న షాఫ్టు కూడా ఆ వేగంతో సెకనుకు దాదాపు రెండు మీటర్ల గుడ్డను చుట్టుకుంటుంది. తువ్వాలు కొస, లుంగీ అంచు, చీర కొంగు దేన్నైనా అది పట్టుకుంటే మనిషి వెనక్కి లాగుకునే అవకాశమే ఉండదు. నాకు రోటావేటర్ అమ్మినవారు షాఫ్టు మీద ఉండవలసిన ప్లాస్టిక్ తొడుగు లేకుండానే దాన్ని బండికి తగిలించి ఇచ్చారు, అడిగితే ‘ఎవరూ వాడరు’ అని జవాబు చెప్పారు. తొడుగు తెప్పించి, అది తిరగకుండా ఉండే చిన్న గొలుసును బిగించే వరకు నేను ఆ పరికరాన్ని పొలంలోకి దింపలేదు. కొత్తగా కొనేవారు బిల్లు చెల్లించక ముందే ఈ తొడుగు అడగాలని గట్టిగా కోరుతున్నాను. సీటు దిగే ప్రతిసారీ పీటీవో ఆపి, పరికరాన్ని నేలకు దించి, ఇంజను ఆపి, తాళం జేబులో వేసుకోవాలి. బ్లేళ్లకు చుట్టుకున్న గడ్డినీ డ్రిప్ పైపు ముక్కలనూ తీయడానికి కిందికి వంగే సమయంలో పరికరాన్ని ఎత్తి పట్టే లిఫ్ట్‌ను నమ్మకూడదు. ఆయిల్ సీలు పోయినా, పక్కన నిలబడ్డ పిల్లవాడు లివర్ ముట్టుకున్నా అది కిందికి వచ్చేస్తుంది కాబట్టి, రోటావేటర్ కింద మందపాటి చెక్క దిమ్మెలు పెట్టాకే చేయి పెట్టాలి.

మా ప్రాంతానికి ప్రత్యేకంగా ఉన్న ముప్పు బావులు, కాలువలు. పాత మోట బావుల ఒడ్డు కింద మట్టి ఏళ్ల తరబడి కోసుకుపోయి పైకి మాత్రం గట్టిగా కనిపిస్తుంది, వాన కురిసిన మర్నాడు అది బండి బరువుకు ఆగదు. బావి ఎంత లోతుందో కనీసం అంత దూరం వదిలి దున్నడం నేను పాటించే పద్ధతి. ఆ మిగిలిన నేలను మనుషులతో చేయించుకున్నా నష్టం లేదు. 2018లో మా జిల్లా వద్దిపట్ల దగ్గర ఏఎమ్మార్పీ (ఎలిమినేటి మాధవరెడ్డి ప్రాజెక్టు) కాలువలో, అదే ఏడాది యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ దగ్గర మూసీ కాలువలో కూలీలతో వెళ్తున్న ట్రాక్టర్లు పడి ఎందరో మహిళలు ప్రాణాలు కోల్పోయారు. ఆ రెండు ఊళ్ల సంగతి తెలిసిన తర్వాత కూడా ట్రాలీలో మనుషులను ఎక్కించుకోవడానికి ఎవరికైనా మనసెలా ఒప్పుతుందో నాకు అర్థం కాదు. ట్రాక్టర్‌కు ఉన్నది ఒక్క సీటు; మడ్‌గార్డు మీద పిల్లలను కూర్చోబెట్టుకొని పొలం చూపించడం ప్రేమగానే ఉండవచ్చు, కానీ ఒక్క కుదుపుకు పిల్లవాడు పడేది సరిగ్గా వెనక చక్రం కిందే.

సీటు వెనక ఉండే మడత ఇనుప చట్రం గురించి తోట రైతులు ప్రత్యేకంగా తెలుసుకోవాలి. బండి బోల్తా పడితే మనిషిని కాపాడేది ఆ చట్రమే, అయితే సీటు బెల్టు పెట్టుకున్నప్పుడే కాపాడుతుంది. కొమ్మల కింద పని ఉన్నంతసేపు దాన్ని మడవక తప్పదు, మడిచినప్పుడు మాత్రం బెల్టు పెట్టుకోకూడదు, ఎందుకంటే బోల్తా పడితే తప్పించుకునే దారి కూడా మూసుకుపోతుంది. తోట నుంచి బయటికి రాగానే చట్రం నిలబెట్టి పిన్ను వేసి బెల్టు పెట్టుకోవడం అలవాటు కావాలి. మడిచిన చట్రాన్ని ఏళ్ల తరబడి అలాగే వదిలేసిన బండ్లు మా మండలంలో చాలా ఉన్నాయి. సెల్ఫ్ పనిచేయడం లేదని కింద నిలబడి స్క్రూడ్రైవర్‌తో స్టార్ట్ చేసే అలవాటు కూడా అలాంటిదే. బండి గేరులో ఉంటే అది చేసినవాడి మీదికే కదులుతుంది.

ఇక సంరక్షణ. మా చెలకల్లో ఎండాకాలం రోటావేటర్ తిప్పితే లేచే ఎర్రటి దుమ్ము ఇంజనుకు మొదటి శత్రువు. ఎయిర్ క్లీనర్ డబ్బా కింద రబ్బరు ముక్కు ఒకటి ఉంటుంది, దాన్ని రెండు వేళ్లతో నొక్కితే పిడికెడు దుమ్ము జారి పడుతుంది. ఈ పనికి నిమిషం కూడా పట్టదు, దుక్కుల రోజుల్లో నేను ఉదయం, మధ్యాహ్నం రెండు పూటలా చేస్తాను. బయటి కాగితపు ఫిల్టర్‌ను లోపలి నుంచి బయటికి తక్కువ గాలితో ఊదాలి, నేలకేసి కొట్టకూడదు, నీళ్లతో కడగకూడదు. లోపలి చిన్న ఫిల్టర్‌ను శుభ్రం చేసే ప్రయత్నం చేయకుండా గడువు రాగానే మార్చాలి. పత్తి తీసే కాలంలో ఇంకో చిక్కు వస్తుంది: రేడియేటర్ ముందున్న జల్లెడకు దూది నూగు, ఎండుటాకు పొడి కలిసి కంబళిలా పొర కడతాయి. బయటి నుంచి చూస్తే ఏమీ కనిపించదు, జల్లెడను పైకి లాగి తీస్తేనే తెలుస్తుంది. వేడి సూచించే ముల్లు ఎప్పటికన్నా పైకి పోతుంటే ముందుగా చూడవలసిన చోటు అదే. వేడి మీద మూత తెరవడం మాత్రం ముఖం కాల్చుకోవడమే.

రేడియేటర్‌లో పోసే నీటి గురించి మా జిల్లావాళ్లు మరింత పట్టింపుగా ఉండాలి. ఇక్కడి బోరు నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి అందరికీ తెలిసిందే. ఇంజను వరకు చూస్తే అసలు ఇబ్బంది ఆ నీటిలోని సున్నపు లవణాలది. అవి సన్నని గొట్టాల లోపల పేరుకొని వేడిని బయటికి పోనివ్వవు. కూలెంట్‌ను డిస్టిల్డ్ వాటర్‌తో కలిపి పోయడం వల్ల నా రేడియేటర్‌కు ఇంతవరకు మరమ్మతు రాలేదని నా నమ్మకం.

గ్రీసు పెట్టడంలో అందరూ తొందరపడతారు. షాఫ్టు క్రాసుల దగ్గర, ముందు ఇరుసు బుషుల దగ్గర నిపుల్ (గ్రీసు ఎక్కించే చిన్న ముక్కు) తుడిచి, నల్లబడ్డ పాత గ్రీసు నాలుగు పక్కల నుంచీ బయటికి వచ్చి దాని వెనక కొత్త రంగు కనబడే వరకు గన్ను కొట్టాలి. ఒక పక్క నుంచే వస్తే మిగతా గొట్టాలు మూసుకున్నట్టు లెక్క. దమ్ము చేసిన బండికి ఇది ఆ సాయంత్రమే జరగాలి, ముందు ఇరుసు ఆయిల్ పాల రంగుకు తిరిగిందేమో కూడా చూడాలి. తిరిగితే సీలు నుంచి నీరు లోపలికి వెళ్లినట్టే. మొదటి 50 గంటల సర్వీసులో ఇంజను ఆయిల్‌తో పాటు గేరుబాక్సు, హైడ్రాలిక్ ఫిల్టర్లు కూడా మార్పించాలి, కొత్త గేరు పళ్ల నుంచి రాలిన ఇనుప రజను అక్కడే చేరుతుంది. ఆ తర్వాత గంటల మీటరు ప్రకారం, మీ బండి పుస్తకంలో ఉన్న గడువుకు మార్చుకోవాలి. నెలల లెక్క ట్రాక్టర్‌కు సరిపోదు.

మిగతావి క్లుప్తంగా చెప్తాను. తారు రోడ్డు మీద నాలుగు చక్రాల డ్రైవ్ తీసేయాలి, లేకపోతే ముందు టైర్లు, గేర్లు అనవసరంగా అరుగుతాయి. క్లచ్ మీద కాలు ఆనించి నడపకూడదు. డీజిల్‌ను సాయంత్రమే నిండుగా పోసి ఉంచితే రాత్రి ట్యాంకులో తేమ పట్టదు. ఫిల్టర్ గిన్నె అడుగున నీటి బొట్లు కనిపిస్తే వెంటనే వదిలేయాలి. పైపు నుంచి ఆయిల్ చిమ్ముతున్నట్టు అనుమానం వస్తే చేత్తో తడమకుండా అట్టముక్క అడ్డం పెట్టి చూడాలి, ఆ ఒత్తిడికి ఆయిల్ చర్మంలోకి దూరుతుంది. షెడ్డులో ఎలుకలు వైర్లు కొరుకుతాయి కాబట్టి బండి పక్కన గడ్డి, దాణా పెట్టవద్దు.

బత్తాయి, దానిమ్మ, జామ, కొబ్బరి వంటి తోటలు గాని, సాళ్లలో అంతరకృషి అవసరమైన పత్తి, మిరప గాని ఉండి, సర్వీసు మెకానిక్ పిలిస్తే అదే రోజు వచ్చేంత దూరంలో ఉంటే, ఈ తరగతి ట్రాక్టర్ కొనమని నిస్సంకోచంగా చెప్తాను. పోలిక చేసేటప్పుడు హార్స్‌పవర్ కన్నా మూడు సంగతులు చూడండి: మీ సాళ్లకు సరిపడే వెడల్పుకు చక్రాలు మార్చుకునే వీలు, లిఫ్ట్ ఎన్ని కిలోలు ఎత్తుతుందన్నది, చట్రం, బెల్టు, షాఫ్టు తొడుగు మూడూ బండితో పాటే ఇస్తారా అన్నది. బండిని ఇంటికి తెచ్చుకునే ముందు మీ పొలంలోనే, మీ రోటావేటర్‌తోనే ఒక పూట నడిపించి చూపమని అడగండి, నడిపేది వారి డ్రైవరు కాకుండా మీరై ఉండాలి.