యాత్రకు బోగీ మొత్తం మాట్లాడుకోవాలా, టికెట్లు తీసుకుంటే చాలా?

కార్తీకం దగ్గర పడిందంటే మాకు ఫోన్లు మొదలవుతాయి. "మేం అరవై మందిమి ఉన్నామండి, కాశీ వెళ్దామనుకుంటున్నాం. బోగీ బుక్ చేసుకుంటే మంచిదా, విడివిడిగా టికెట్లు తీసుకుంటే మంచిదా?" విశాఖలో గాజువాక నుంచి అడుగుతారు, మధురవాడ నుంచి అడుగుతారు. మా కాలనీ వాళ్లం రెండుసార్లు బోగీ తీసుకుని కాశీ వెళ్లొచ్చామని తెలిసి అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ ఫోన్లో సగం సగం చెప్పే బదులు, మాకు తెలిసిందంతా ఇక్కడ రాస్తున్నాను.

ముందు డబ్బు సంగతి, ఎందుకంటే అందరూ మొదట అడిగేది అదే. ఐఆర్‌సీటీసీ ద్వారా ఎఫ్‌టీఆర్ (ఫుల్ టారిఫ్ రేట్, అంటే బోగీ మొత్తానికి ఛార్జీ కట్టి మనకోసమే తీసుకునే) పద్ధతిలో బోగీ తీసుకుంటే మామూలు ఛార్జీ మీద 30 నుంచి 35 శాతం ఎక్కువ పడుతుంది. బోగీకి 50,000 రూపాయలు డిపాజిట్ కట్టాలి, యాత్ర అయ్యాక అది తిరిగి వస్తుంది. మనం ఎంతమందిమి ఎక్కినా ఛార్జీ మాత్రం బోగీలో ఉన్న బెర్తులన్నిటికీ కట్టాల్సిందే. పాత స్లీపర్ బోగీలో 72 బెర్తులు. మామూలు టికెట్ వంద రూపాయలు అనుకుందాం. 72 మందీ ఉంటే తలకు 130 పడుతుంది. అరవై మందే అయితే 156. యాభై మందే అయితే 187. అంటే యాభై మందితో బోగీ తీసుకుంటే దాదాపు రెట్టింపు కట్టినట్టే. అరవై ఐదు మంది దాటకపోతే ఈ ఆలోచన వద్దనే చెబుతాను.

మరి అంత ఎక్కువ కట్టి ఎందుకు తీసుకోవాలంటే, విడి టికెట్ల కష్టం పడ్డవాళ్లకు చెప్పక్కర్లేదు. ఒక పీఎన్ఆర్ మీద ఆరుగురికే టికెట్ వస్తుంది. అరవై మందికి పది పీఎన్ఆర్‌లు. రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తున్నారు, పండగ రోజుల్లో నిమిషాల్లో వెయిటింగ్ లిస్టు. ఎస్-2లో భర్త, ఎస్-7లో భార్య, అత్తగారికి పై బెర్తు. ఎఫ్‌టీఆర్‌కి ఆరు నెలల ముందే అప్లై చేసుకోవచ్చు. ఆలస్యమైనా 30 రోజుల ముందుగా చేసేయాలి. ఆ టెన్షన్ లేకపోవడానికే చాలామంది మొగ్గుతారు. మేమూ మొదట అందుకే తీసుకున్నాం.

అయితే రెండు యాత్రల తర్వాత నాకు అర్థమైంది ఏమిటంటే, ఇందులో తేల్చాల్సింది డబ్బు కాదు, మజిలీలు. బోగీని ఎన్ని చోట్ల విప్పాలి, ఎన్నిసార్లు వేరే రైలుకు తగిలించాలి? ఆ లెక్క తేలితే మిగతావన్నీ వాటంతట అవే తేలతాయి.

మొదటిసారి మేం కాశీ, ప్రయాగ, గయ మూడు చోట్లా బోగీ ఆగేలా ప్లాన్ వేసుకున్నాం. మాకు కుదిర్చిపెట్టిన ఏజెంటు అన్నిటికీ సరేనన్నాడు. ప్రయాణం ఇంకో వారం ఉందనగా, గయ వైపు వెళ్లే రైలుకు బోగీ తగిలించడం కుదరదని కబురొచ్చింది. ఆ రైలుకు ఉండాల్సినన్ని బోగీలు అప్పటికే ఉన్నాయట. పిండప్రదానం కోసమే బయల్దేరినవాళ్లు అందులో పదిహేను మంది. వాళ్ల ముఖాలు చూడలేకపోయాను. చివరికి కాశీ నుంచి రెండు బస్సులు మాట్లాడుకుని గయ వెళ్లొచ్చాం. ఆ రెండు రోజులూ మా బోగీ యార్డులో ఖాళీగా ఉంది, దానికీ ఛార్జీ కట్టాం.

ఎందుకిలా అవుతుందో తెలుసుకుంటే మీరు జాగ్రత్త పడొచ్చు. ఒక రైలుకు ఇలాంటి బోగీలు రెండుకు మించి తగిలించరు. రైలు కనీసం పది నిమిషాలు ఆగే స్టేషన్లోనే తగిలించడం, విప్పడం. ఇంకోటి, పాత ఐసీఎఫ్ బోగీల కప్లింగ్ (బోగీలను ఒకదానికొకటి కలిపే అమరిక) వేరు, ఇప్పటి ఎల్‌హెచ్‌బీ బోగీల కప్లింగ్ వేరు. ఒక రకం బోగీని ఇంకో రకం రైలుకు నేరుగా తగిలించలేరు. కాబట్టి రైలు మారిన ప్రతిచోటా ఇవన్నీ కలిసిరావాలి. ఒక మజిలీ పెరిగిందంటే పని చెడే చోటు ఇంకొకటి పెరిగినట్టే.

ఈ విషయంలో విశాఖ వాళ్లకు ఒక కలిసొచ్చే సంగతి ఉంది. మన స్టేషన్లోకి వచ్చిన రైళ్లు చాలావరకు వచ్చిన దారినే వెనక్కి తిరిగి వెళ్లాలి. అందుకే ఇంజన్ అటు నుంచి ఇటు మారుస్తారు, రైలు చాలాసేపు ఆగుతుంది. బోగీ తగిలించడానికి ఆ సమయం సరిపోతుంది. ఇక్కడే బయల్దేరే రైలైతే మరీ సులువు. అదే, విశాఖలోకి రాకుండా దువ్వాడ మీదుగా పోయే రైలును ఎంచుకుంటే అక్కడ అది రెండు మూడు నిమిషాలే ఆగుతుంది, మన పని జరగదు. రైలు నంబరు రాసేముందు ఇది చూసుకోండి.

మజిలీలు తగ్గించమనడానికి ఇంకా పెద్ద కారణం ఉంది. 2023 ఆగస్టు 26న మదురై యార్డులో జరిగింది గుర్తుండే ఉంటుంది. లక్నో వైపు నుంచి వచ్చిన యాత్రికుల బోగీని రైలు నుంచి విప్పి పక్కన నిలిపారు. తెల్లవారుజామున లోపల గ్యాస్ సిలిండర్‌తో టీ పెట్టుకోబోతే మంటలు లేచి తొమ్మిది మంది చనిపోయారు. బోగీలో సిలిండర్ గానీ స్టవ్ గానీ తేవడం నేరం. అయినా యార్డులో గంటల తరబడి ఆగిన బోగీలో, టీ కొట్టు దగ్గర్లో లేని చోట, పెద్దవాళ్లు కాఫీ కోసం తపిస్తుంటే ఎవరో ఒకరికి ఆ బుద్ధి పుడుతుంది. మా మొదటి యాత్రలో ఒక పెద్దమనిషి సంచిలో చిన్న స్టవ్ కనిపించింది. చేతులు పట్టుకుని బతిమాలి విశాఖలోనే వాళ్ల అబ్బాయికిచ్చి ఇంటికి పంపించాను. బోగీ యార్డులో ఉన్నప్పుడు మనుషులు సత్రంలో ఉండాలి. ఇది మాత్రం ఎవరు అడిగినా గట్టిగా చెబుతాను.

అందుకే రెండోసారి ఒకటే మజిలీ పెట్టుకున్నాం. విశాఖలో ఎక్కడం, బనారస్‌లో దిగడం, మళ్లీ అక్కడే ఎక్కడం. కాశీలో సత్రం. అక్కడి నుంచి ప్రయాగ రోడ్డు మీద 120 కిలోమీటర్ల పైచిలుకు, అయోధ్య 200 పైన, గయ 250 దాకా ఉంటుంది. అన్నిటికీ బస్సులే. దూరానికి బోగీ, దగ్గరకు బస్సు. ఏ ఇబ్బందీ రాలేదు.

ఊళ్లు ఎక్కువ తిరగాలనుకుంటే, లేదా మనుషులు నలభై మందే ఉంటే, భారత్ గౌరవ్ యాత్రా రైళ్లు మేలు. భోజనం, బస, అక్కడి బస్సులు అన్నీ టికెట్లోనే. 2023లో సికింద్రాబాద్ నుంచి పూరి, కాశీ, అయోధ్య వెళ్లిన రైలు మన వాళ్లను విశాఖ పక్కన పెందుర్తిలో ఎక్కించుకుంది. కానీ తేదీలు వాళ్లవి, దర్శనానికి ఇచ్చే సమయం వాళ్లది. మన పురోహితుడు చెప్పిన తిథికి కాశీలో ఉండాలంటే అది కుదరదు.

రైలు మొత్తం గురించి కూడా అడుగుతుంటారు. కనీసం 18 బోగీలు, అందులో రెండు ఎస్‌ఎల్‌ఆర్‌లు (గార్డు, లగేజీ ఉండే బోగీలు) పోతే పదహారు. స్లీపర్ అయితే 1,152 బెర్తులు, డిపాజిట్టే 9 లక్షలు. పెద్ద ఆశ్రమాలకో సంఘాలకో తప్ప అది మనలాంటివాళ్ల పని కాదు. అరకుకు బోగీ అడిగేవాళ్లూ ఉన్నారు. పొద్దున్నే కిరండూల్ రైలుకు టికెట్లు తీసుకుని వెళ్లిపోండి, సొరంగాలు ఎలాగూ కనిపిస్తాయి. ఇక్కడి నుంచి కాశీ దాకా బస్సంటే మాత్రం అరవై దాటినవాళ్ల మోకాళ్లు ఒప్పుకోవు.

రెండోసారి మేం 68 మందిమి. ఆ వేళ ప్లాట్‌ఫారం మీద, తలుపు పక్కన అంటించిన మా పేర్ల కాగితం దగ్గర మా వీధి చివర ఉండే మామ్మగారు చాలాసేపు నిలబడ్డారు. చదవడం రాదు. ఎవరో ఆమె పేరు వేలు పెట్టి చూపిస్తే, నా వైపు తిరిగి, "ఏటి బాబూ, ఈ డబ్బా అంతా మనదేనేటి?" అన్నారు. మనదేనమ్మా అన్నాను. మిగిలిన నాలుగు బెర్తుల్లో ఒక కింది బెర్తు ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే అని వదిలేశాం. వచ్చేటప్పుడు మిగతా మూడింటి మీదా గంగ నీళ్ల డబ్బాలు పెట్టుకున్నాం, ప్రతి డబ్బా మీదా ఇంటి పేరు రాసి.