రచయిత సంతకంతో ఉన్న తొలి సంచిక కొంటున్నారా? డబ్బు పంపేముందు ఇది చదవండి

పాత సాహిత్య పత్రికల తొలి సంచికలు సేకరించే మిత్రులందరికీ ఈ హెచ్చరిక. ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు దగ్గర 'ది క్రైటీరియన్' తొలి సంచిక కొన్నాను. 1922 అక్టోబరులో లండన్ నుంచి వెలువడిన సంచిక అది. సంపాదకుడు ఆంగ్ల కవి టి. ఎస్. ఎలియట్. ఆయన దీర్ఘ కవిత 'ది వేస్ట్ ల్యాండ్' మొదట అచ్చయింది అందులోనే. లోపల ఎలియట్ సంతకం ఉందనీ, అసలైనదేనని సర్టిఫికెట్ కూడా ఇస్తామనీ ప్రకటనలో రాశారు. నాకు వచ్చింది పూర్తిగా నకిలీ. ఇలాంటి కాపీ రేపు మీ కంటా పడొచ్చు కాబట్టి వివరంగా చెబుతున్నాను.

సంతకం చూడటానికి బాగానే ఉంది. అనుమానం వచ్చింది కాగితం దగ్గర. చీకటి గదిలో యూవీ (అతినీలలోహిత కాంతి) టార్చ్ వేస్తే పేజీలు నీలి తెలుపు రంగులో మెరిశాయి. కాగితానికి అలాంటి మెరుపునిచ్చే రసాయనాలు వాడుకలోకి వచ్చింది 1950 ప్రాంతంలో. 1922 నాటి కాగితం అలా మెరవదు. (మెరవకపోతే అసలుదని మాత్రం అనుకోకండి, పాత ఖాళీ కాగితం సంపాదించి అచ్చేసేవాళ్లూ ఉంటారు.) ఆ తర్వాత వెన్ను వైపు, అంటే పేజీలు కలిపి కుట్టే వైపు చూశాను. అట్ట కింద పాత జిగురు పొర, దారం లేకుండా మిగిలిన కుట్టు రంధ్రాలు కనిపించాయి. ఏదో పెద్ద బైండు సంపుటం నుంచి పేజీలు ఊడదీసి, కొత్తగా అట్ట అతికించారన్నమాట.

ఆ సంపుటం ఏదో ఊహించడం కష్టం కాదు. క్రైటీరియన్ సంచికలన్నిటినీ 1967లో ఫేబర్ ప్రచురణ సంస్థ 18 సంపుటాలుగా మళ్లీ అచ్చు వేసింది. ఎలియట్ 1965 జనవరిలోనే చనిపోయారు. అంటే ఆయన పోయాక అచ్చయిన కాగితం మీద ఆయన సంతకం! పునర్ముద్రణల తప్పేమీ లేదు, చదువుకునేవాళ్లకు అవి ఎంతో మేలు చేశాయి. 1914 నాటి 'బ్లాస్ట్' పత్రికకూ అలాంటివి ఉన్నాయి. వాటిని చీల్చి తొలి సంచికలుగా అమ్మడమే దుర్మార్గం.

అమ్మకందారుకు ఫోటోలతో సహా రాస్తే, 'సర్టిఫికెట్ ఇచ్చాం కదా' అన్నారు. తీరా చూస్తే ఆ సర్టిఫికెట్ వాళ్లే రాసుకున్నది. పరిశీలించిన నిపుణుడి పేరు లేదు, సంతకం ఎక్కడ, ఎవరి దగ్గర నుంచి వచ్చిందో లేదు. గట్టిగా అడిగితే రిటర్న్ గడువు దాటిందన్నారు. ఆ తర్వాత వాళ్లే పెట్టిన మరో ప్రకటనలో, వేరే పత్రిక మీద ఎలియట్ సంతకం కనిపించింది. రెండు ఫోటోలనూ ఒకదాని మీద ఒకటి పెట్టి చూస్తే గీత గీతకూ సరిపోయాయి. ఏ మనిషీ రెండుసార్లు అచ్చుగుద్దినట్టు సంతకం చేయడు.

అందుకే చెబుతున్నాను, సంతకం మోజులో పడకుండా ముందు పత్రిక అసలుదో కాదో తేల్చుకోండి. వెన్ను, లోపలి మడత, ప్రచురణ వివరాల పేజీ, వెనుక అట్ట ఫోటోలు అడగండి. సంతకాన్ని పక్క నుంచి పడే వెలుతురులో దగ్గరగా తీసి పంపమనండి. కలం ఒత్తిడి, సిరా కాగితంలోకి ఇంకిన తీరు అందులో తెలుస్తాయి. భూతద్దంలో చుక్కలు చుక్కలుగా కనిపిస్తే అది అచ్చు. ఏ కలంతో చేశారో కూడా గమనించండి. రచయితలు జేమ్స్ జాయిస్, వర్జీనియా వుల్ఫ్ ఇద్దరూ 1941లో చనిపోయారు, బాల్‌పెన్ జనంలోకి వచ్చింది ఆ తర్వాతే. ఈ ఫోటోలు పంపడానికి సాకులు చెప్పే వాళ్ల దగ్గర కొనకండి, ఎంత అరుదైన సంచికైనా సరే.

డబ్బు నేరుగా బ్యాంకు ఖాతాకు పంపమంటే ఒప్పుకోవద్దు. కార్డుతో కడితే కనీసం ఫిర్యాదు చేసే దారి ఉంటుంది. పార్సిల్ విప్పుతున్నప్పుడు వీడియో తీసుకోండి. ఇప్పటికే ఇలాంటి కాపీ కొని ఉంటే, రిటర్న్ గడువు ఎప్పటివరకు ఉందో ఈ రోజే చూసుకుని, ఆలోపే యూవీ టార్చ్‌తో, భూతద్దంతో పరీక్షించండి.