పిల్లో: గుండు ఫొటోలకు పనికొస్తుందా?

తిరుపతి లీలామహల్ సర్కిల్ దగ్గర మాది చిన్న స్టూడియో. కొండ మీద మొక్కు తీర్చుకుని దిగే కుటుంబాలు, తిరుచానూరు పెళ్లిళ్లు, ఇవే మా గిరాకీ. వందల ఫొటోలకు వెలుగు, కాంట్రాస్ట్ ఒక్కొక్కటిగా చేత్తో సరిచేస్తూ కూర్చుంటే ఆల్బం చేతికిచ్చేలోపు పెళ్లికూతురికి సీమంతం కూడా అయిపోతుంది. అందుకని ఇంజినీరింగ్ చదివే మా మేనల్లుడు పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఫొటోలను సరిచేసే పిల్లో లైబ్రరీ వేసిచ్చాడు. పిఐఎల్ అనే పాత ఫొటో లైబ్రరీ ఆగిపోతే దాని నుంచే 2010లో చీలి వచ్చిందట. పైసా ఖర్చు లేదు.

వాడటం తేలికే. ఇమేజ్‌ఎన్‌హాన్స్ అనే దాని భాగంలో బ్రైట్‌నెస్‌కు, అంటే వెలుగుకు, ఒక అంకె ఇస్తే చాలు. 1 ఇస్తే ఫొటో ఉన్నది ఉన్నట్టే ఉంటుంది, 0 ఇస్తే నల్లటి చీకటి. లోపల జరిగేది ఉత్త గుణకారం. కల్యాణమండపంలో తెల్లవారుజాము ముహూర్తం ఫొటోలకు 1.2 బాగా నప్పింది. ఫోల్డర్ మొత్తం టీ తాగి వచ్చేలోపు అయిపోయింది.

ఎండలో తీసిన గుండ్ల దగ్గరే చిక్కొచ్చింది. గంధం పూసిన గుండు మీద ఒక పిక్సెల్, అంటే ఫొటోలోని ఒక్క చుక్క, తీసి చూశాం (ఒక్కో రంగు విలువ 0 నుంచి 255 దాకా ఉంటుంది): ఎరుపు 245, ఆకుపచ్చ 225, నీలం 170. 1.2తో హెచ్చిస్తే మొదటి రెండూ 255 దాటి అక్కడే ఆగిపోతాయి, నీలం మాత్రం 204 అవుతుంది. అంటే గంధం రంగు పోయి నిమ్మపండు పసుపు మిగులుతుంది. ప్రింట్ కోసం వచ్చి కూర్చున్న పుత్తూరు అవ్వ స్క్రీన్ చూసి, "ఏం సామీ, గంధం పూస్తే పసుపు మాదిరి ఉండాదే?" అంది. నాకంటే ముందు ఆమే పట్టింది!

దీనికి మందు గామా, అంటే నీడల్ని ఎక్కువగా, వెలుగుల్ని కొద్దిగా లేపే లెక్క. పాయింట్ అనే పద్ధతికి చిన్న సూత్రం ఇవ్వాలి: విలువను 255తో భాగించి, 0.8 ఘాతం వేసి, మళ్లీ 255తో హెచ్చించడం. 60 ఉన్న నీడ 80కి లేస్తుంది, 245 మాత్రం 247 దగ్గరే ఆగుతుంది. ముఖంలో నీడలు విచ్చుకుంటాయి, గంధం గంధంలాగే ఉంటుంది.

కాంట్రాస్ట్ సంగతి ఇంకా తిరకాసు. పిల్లో ప్రతి ఫొటోకూ దాని సగటు వెలుగు లెక్కగట్టి, ఆ సగటు నుంచి పిక్సెళ్లను దూరం జరుపుతుంది. ఒకే ముఖం, విలువ 130 అనుకోండి. సగటు 90 ఉన్న చీకటి ఫొటోలో 1.3 ఇస్తే 142 అవుతుంది. వెనక తెల్లగోడ ఉండి సగటు 170 అయితే, అదే 1.3కి 118కి పడిపోతుంది. ఒక్క ఫొటోకైతే ఫరవాలేదు. ఆల్బంలో పక్కపక్క పేజీల్లో ఒకే పెళ్లికూతురు ఒకచోట తెల్లగా, ఒకచోట చామనఛాయగా కనిపిస్తే వాళ్ల అత్తగారు ఊరుకుంటుందా? "మామా, సగటు వదిలెయ్, నడిమధ్యన 128 దగ్గర మేకు కొడదాం" అన్నాడు మావాడు. అదే పాయింట్‌తో ఆ లెక్క రాశాడు, రెండు పేజీలూ కలిశాయి.

చిన్న చిరాకులు రెండు. జేపెగ్‌గా సేవ్ చేసేటప్పుడు చెప్పకపోతే నాణ్యత 75 తీసుకుంటుంది, ప్రింటుకు వెళ్లేవాటికి 95 పెట్టండి. కెమెరా ఫైల్లో రాసిన ఎగ్జిఫ్ వివరాలను (ఫొటో నిలువా, అడ్డమా లాంటివి) కూడా మనం అందించకపోతే వదిలేస్తుంది, దాంతో నిలువు ఫొటోలు అడ్డంగా పడుకుంటాయి. తెరిచిన వెంటనే ఎగ్జిఫ్ ట్రాన్స్‌పోజ్ పిలిస్తే సరి.

ఒక్కో రంగుకు 16 బిట్లున్న (255 కంటే చాలా ఎక్కువ మెట్లున్న) కలర్ ఫైళ్లు దీని వల్ల కావు. అందుకే కెమెరా నుంచి నేరుగా వచ్చే రా ఫైళ్లతో చేసే కవర్ పేజీ పని ఇప్పటికీ నా చేతిదే. మిగతా ఆల్బం మొత్తానికి ఐదుకు నాలుగు ఇస్తాను. ఆ తగ్గించిన ఒక్కటీ కాంట్రాస్ట్‌కే.