గ్రిడ్ పరచడమా, తీగలు దించడమా? ఫ్రంటల్ లోబ్ మూర్ఛకు ఏది మేలు?

రాత్రి రెండున్నర. మెదడులోని విద్యుత్ అలల్నీ, మనిషి కదలికల్నీ కలిపి రికార్డు చేసే వీడియో ఈఈజీ గదిలో పాతికేళ్ల కుర్రాడు నిద్రలోంచి ఉలిక్కిపడి లేచాడు. సైకిల్ తొక్కినట్టు కాళ్లు ఆడించాడు, మంచం ఊచ పట్టుకుని గట్టిగా అరిచాడు. మొత్తం ఇరవై సెకన్లు. వాళ్లమ్మ కంగారుగా బటన్ నొక్కేసరికే అయిపోయింది. "ఏమైందమ్మా?" అని మామూలుగానే అడిగాడు. నా తెర మీద చూస్తే కండరాల కదలికకు దట్టంగా అలుముకున్న నల్లటి గీతలే. మూర్ఛ జాడ ఎక్కడా లేదు.

నేను ఈఈజీ టెక్నీషియన్‌ని. ఇలాంటివాళ్లు మా దగ్గరికి వచ్చేసరికి చాలా ఏళ్లు గడిచిపోయి ఉంటాయి. దయ్యం పట్టిందని తాయెత్తులు కడతారు, నాటకాలాడుతున్నాడని తిడతారు, నిద్రలో కలవరింతలే అని కొట్టిపారేస్తారు. ఫిట్స్ అంటే నోట్లో నురగ, చేతిలో తాళాల గుత్తి అన్న బొమ్మే మనకు తెలుసు. తాళాల వల్ల ఏ ఫిట్సూ ఆగదు, అది వేరే సంగతి. ఫ్రంటల్ లోబ్‌లో, అంటే నుదుటి వెనకున్న మెదడు భాగంలో పుట్టే మూర్ఛ మాత్రం ఆ బొమ్మకు అందదు.

తగిన మందులు రెండు సరిగ్గా వాడినా ఆగకపోతే ఆపరేషన్ మాట వస్తుంది. కణత వెనకుండే టెంపొరల్ లోబ్ అయితే కాస్త ధైర్యంగా చెప్పొచ్చు. 2001లో కెనడాలో 80 మంది మీద జరిగిన ట్రయల్‌లో, ఆపరేషన్ వైపు వచ్చినవాళ్లలో 58 శాతం మందికి ఏడాది తర్వాత స్పృహ తప్పే ఫిట్స్ లేవు. మందులతోనే ఉన్నవాళ్లలో 8 శాతం మందికే ఆ ఊరట దక్కింది. ఫ్రంటల్ లోబ్‌కి వస్తే లెక్క తగ్గుతుంది. క్లీవ్‌లాండ్ క్లినిక్ 2007లో 70 మంది ఫలితాలు ప్రచురించింది. ఏడాదికి 56 శాతం మంది ఫిట్స్ లేకుండా ఉంటే, ఐదేళ్లకు 30 శాతమే మిగిలారు. ఆ లోబ్ చాలా పెద్దది. అందులో చాలా భాగం రెండు అర్ధగోళాల నడిమి గోడ మీదా, కళ్ల పైనా దాగి ఉంటుంది. అక్కడ పుట్టిన మూర్ఛ రెప్పపాటులో రెండో వైపుకి పాకుతుంది. పుట్టిన చోటు దొరక్కపోతే తీసేది ఏమిటి?

ఎంఆర్ఐలో మచ్చ స్పష్టంగా కనిపించి, ఈఈజీ కూడా అటే చూపిస్తే ఒక్కోసారి నేరుగా ఆపరేషన్‌కు వెళ్లొచ్చు. లేదంటే ముందు తల లోపలే ఎలక్ట్రోడ్లు పెట్టి వెతకాలి. అందుకు రెండు దారులు.

గ్రిడ్ పద్ధతిలో పుర్రె తెరిచి, లోహపు బిళ్లలున్న పల్చటి సిలికాన్ రేకును మెదడు మీద పరుస్తారు. దీని మూలాలు మాంట్రియల్‌లో మెదడు సర్జన్ పెన్‌ఫీల్డ్, ఈఈజీ నిపుణుడు జాస్పర్ చేసిన పనిలో ఉన్నాయి. ఒక్కో బిళ్లలో కొంచెం కరెంట్ పంపి, వేలు కదిలిందా, మాట తడబడిందా అని చూస్తూ పోతే మెదడు ఉపరితలానికి ఎడం లేని పటం తయారవుతుంది. కానీ ముడతల అడుగున ఏం జరుగుతోందో దానికి సరిగా తెలియదు. రెండు వైపులా పరచడం కష్టం. రక్తస్రావం, ఇన్‌ఫెక్షన్ భయం ఎక్కువ.

రెండో దారి ఎస్‌ఈఈజీ (స్టీరియో ఈఈజీ), తీగలు దించేది. ఇది 1950లలో పారిస్‌లోని సెయింట్ ఆన్ ఆసుపత్రిలో తలైరాక్, బాంకో మొదలుపెట్టిన పద్ధతి. చిన్న రంధ్రాల గుండా, ఒక్కోటి మిల్లీమీటరు మందం కూడా లేని తీగలను లోపలికి దించుతారు. నడిమి గోడ, కళ్ల పైభాగం, ముడత అడుగు, రెండో వైపు అన్నీ అందుతాయి. అయితే తీగ ఉన్న చోటే తెలుస్తుంది, పక్కన సెంటీమీటరు దూరంలో పుట్టింది తప్పిపోవచ్చు. అందుకే ఎక్కడ వెతకాలో ముందే గట్టి అంచనా ఉండాలి.

హ్యూస్టన్ వైద్యులు 2019లో 260 కేసులు పోల్చారు. ఆ తర్వాత ఆపరేషన్ జరిగినవాళ్లలో ఏడాదికి మంచి ఫలితం ఎస్‌ఈఈజీ వైపు 76 శాతం, గ్రిడ్ వైపు 55 శాతం. గ్రిడ్ వైపు ఏడుగురికి ఇబ్బంది పెట్టే రక్తస్రావం, ముగ్గురికి ఇన్‌ఫెక్షన్ వచ్చాయి. ఎస్‌ఈఈజీ వైపు చెప్పుకోదగ్గ ఇబ్బందే లేదు. అయితే ఇది చీటీ తీసి చేసిన ట్రయల్ కాదు, ఫ్రంటల్ కేసులే కూడా కాదు. పైగా గ్రిడ్ తర్వాత 91 శాతం ఆపరేషన్‌కు వెళితే, ఎస్‌ఈఈజీ తర్వాత 74 శాతమే వెళ్లారు. అంటే ఫలితం రాదనుకున్నవాళ్లు కొందరు ముందే పక్కకు జరిగి ఉండొచ్చు. ఆ మేరకు 76 కాస్త పెద్దగా కనిపిస్తుంది. కానీ పనికిరాని ఆపరేషన్ తప్పడం కూడా రోగికి లాభమే అని నేను గట్టిగా నమ్ముతాను.

ఎంఆర్ఐ శుభ్రంగా ఉన్న ఫ్రంటల్ కేసుకి నేను ఎస్‌ఈఈజీ వైపే. మచ్చ కనిపిస్తూ, అది చేతిని కదిలించే భాగానికో మాట పుట్టే భాగానికో ఆనుకుని ఉండి, ఎక్కడి వరకు కోయాలన్నదే ప్రశ్న అయితే గ్రిడ్ ఇంకా అక్కరకొస్తుంది. పుర్రె పల్చగా ఉండే పసిపిల్లల్లో తీగను పట్టి ఉంచే మరలు సరిగా బిగవవు, అక్కడా గ్రిడ్డే. ఏది చెప్పినా డాక్టరుగారిని ఒక్కటి అడగండి: "మూర్ఛ ఎక్కడ పుడుతోందని మీ అనుమానం, దేన్ని బట్టి?" ఫిట్స్ మొదలైన క్షణం నుంచి ఫోన్‌లో తీసిన వీడియో ఉంటే తప్పకుండా చూపించండి. తీగ ఎక్కడ దించాలన్నది చాలాసార్లు అక్కడే తేలుతుంది.

ఆ కుర్రాడికి తీగలే దించారు. రెండో రోజు తెల్లవారుజామున, కాలు కదలకముందే, నడిమి గోడలో దించిన తీగ మీద సంకేతాలు పట్టే రెండు కాంటాక్ట్‌లలో సన్నటి వేగమైన అలలు కనిపించాయి. మిగతా తీగలన్నీ అప్పటికి నిశ్శబ్దం. ఆపరేషన్ తర్వాత కొన్నాళ్లు మాట రాదని, కుడి కాలు బలహీనపడుతుందని, ఆ భాగం తీస్తే అది మామూలేనని, చాలామందికి కొన్ని వారాల్లో తగ్గుతుందని వాళ్లమ్మకు ముందే చెప్పారు. అందుకే ఆవిడ ఆ ఆరు రోజులూ ఏడవలేదు. ఏడో రోజు వాడు నీళ్లు కావాలని నోటితో అడిగాడు.